మహమ్మారి టైంలో ఎమర్జెన్సీ పేషెంట్లు: ఆలస్యం అసలు ఎక్కడ జరిగింది

2020 ఏప్రిల్‌లో, కొవిడ్ మహమ్మారి మొదటి వేవ్ టైంలో, చాలా దేశాల్లో ఒక వింత పరిస్థితి కనపడింది. ఒకపక్క ఐసీయూలు నిండిపోయాయి, వెంటిలేటర్లు చాలట్లేదు అని రోజూ వార్తలు వస్తుంటే ఇంకోపక్క అవే దేశాల్లో ఎమర్జెన్సీ విభాగాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమెరికాలో 2019లో మార్చి చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా చూస్తే వారానికి సగటున 21 లక్షల మంది ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళు, 2020లో అవే నాలుగు వారాల్లో అది 12 లక్షలకి పడిపోయింది, అంటే 42 శాతం తగ్గిపోయింది. ఇంగ్లండ్‌లో ఐతే ఇంకా ఎక్కువ, ఏప్రిల్ నెల మొత్తానికి ముందు ఏడాది కంటే 57 శాతం తక్కువ మంది వచ్చారు. మరి రావాల్సిన మిగతా వాళ్ళంతా ఏమైనట్టు?

ఇందులో కొంత నిజంగా తగ్గినదే, అది ఒప్పుకోవాలి. ఆటలు లేవు, బార్లు మూతపడ్డాయి, పనులు ఆగిపోయాయి, కాబట్టి దెబ్బలు తగ్గాయి. మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా ఉండటం వల్ల ఫ్లూ లాంటివి కూడా బాగా తగ్గిపోయాయి. చిన్న చిన్న వాటికి వచ్చేవాళ్ళు ఇంట్లోనే సర్దుకున్నారు, వాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు కూడా. రోడ్డు ప్రమాదాల సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలదు. అమెరికాలో 2020లో జనం నడిపిన మొత్తం దూరం పదో వంతుకు పైగా తగ్గితే రోడ్డు మీద చనిపోయినవాళ్ళు మాత్రం దాదాపు 7 శాతం పెరిగారు, ఎందుకంటే ఖాళీ రోడ్డు చూసి స్పీడు పెంచారు, సీటు బెల్టు పెట్టుకోకుండా తిరిగినవాళ్ళూ ఎక్కువయ్యారు. అంటే ట్రామా కేసుల, అంటే దెబ్బలు తగిలి వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గినా వచ్చిన కేసు మాత్రం గట్టి కేసే అయ్యుండే అవకాశం పెరిగిందన్నమాట.

ఇవన్నీ పక్కన పెట్టినా మిగిలే లెక్క ఒకటుంది, అది గుండె లెక్క. లాక్‌డౌన్ పెట్టారని గుండెపోటు ఆగదు, పైగా అసలు వైరస్సే రక్తం గడ్డలు కట్టేలా చేస్తుంది కాబట్టి పెరగాలి కూడా. కానీ ఉత్తర ఇటలీలో 15 ఆసుపత్రుల్లో కలిపి రోజుకి సుమారు 18.9 గుండెపోటు కేసులు చేరే చోట 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 13.3 మాత్రమే చేరాయి. ఇంగ్లండ్‌లో వారానికి 3,017 ఉండేవి మార్చి చివరికి 1,813 అయ్యాయి. అమెరికాలో దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించిన తర్వాతి 10 వారాల్లో గుండెపోటుతో వచ్చేవాళ్ళు 23 శాతం, పక్షవాతంతో వచ్చేవాళ్ళు 20 శాతం, షుగర్ విపరీతంగా పెరిగిపోయి వచ్చేవాళ్ళు 10 శాతం తగ్గారు. ఇవి ఇంట్లో కషాయం తాగి పడుకుంటే పోయే జబ్బులు కావు కదా, ఐనా రాలేదు.

ఇక్కడ టైం ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పుకోవాలి. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటులో పేషెంట్ ఆసుపత్రి తలుపు దాటిన దగ్గర్నుంచి 90 నిమిషాల్లోపు బెలూన్‌తో నాళం తెరవాలని డాక్టర్లు లక్ష్యం పెట్టుకుంటారు, ఎందుకంటే ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంటుంది, చచ్చిపోయింది మళ్ళీ రాదు. స్ట్రోక్‌లో, అంటే పక్షవాతంలో ఐతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు పోతాయని ఒక అంచనా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మామూలుగా నాలుగున్నర గంటల దాకానే టైం ఉంటుంది. అలాంటి జబ్బుల్లో రేపు చూద్దాంలే అనుకోవడం అంటే వైద్యం మానేసినట్టే.

హాంగ్‌కాంగ్ నుంచి మొదట్లోనే వచ్చిన ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చూపిస్తుంది. చిన్న లెక్క అని ఎందుకంటున్నామంటే అందులో ఉన్నది కేవలం ఏడుగురు పేషెంట్లు, కాబట్టి దాన్నే వేదంలా పట్టుకోకూడదు, కానీ అందులో కనపడే పోలిక మాత్రం గమనించదగ్గది. అంతకుముందు ఏడాది నొప్పి మొదలైన దగ్గర్నుంచి మొదటిసారి వైద్యుల చేతికి చేరడానికి మధ్యస్థంగా 82.5 నిమిషాలు పట్టేది, 2020 జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో అది 318 నిమిషాలైంది. అదే ఆసుపత్రి తలుపు దాటాక నాళం తెరిచే దాకా పట్టే టైం చూస్తే 84.5 నిమిషాల నుంచి 110 నిమిషాలైంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆసుపత్రి లోపల పెరిగింది పాతిక నిమిషాలు, బయట పెరిగింది దాదాపు నాలుగు గంటలు. మహమ్మారి టైంలో ఎమర్జెన్సీ వైద్యం దెబ్బతింది అనగానే అందరం డాక్టర్ల వైపు, బెడ్ల వైపు చూస్తాం గానీ ఆలస్యంలో పెద్ద ముక్క పేషెంట్ ఇంట్లో మంచం మీదే జరిగిపోయింది.

దాని ఫలితం ఇటలీలో గట్టిగానే కనపడింది. 2020 మార్చిలో ఒక వారం పాటు దేశవ్యాప్తంగా 54 ఆసుపత్రుల్లో లెక్క తీస్తే గుండెపోటుతో చేరేవాళ్ళు దాదాపు సగానికి, అంటే 48.4 శాతం తగ్గారు, కానీ నాళం పూర్తిగా మూసుకుపోయిన రకంతో చేరినవాళ్ళలో చనిపోయినవాళ్ళు 4.1 శాతం నుంచి 13.7 శాతానికి పెరిగారు. మూడు రెట్లకి పైన. గుండె గోడకి చిల్లు పడటం లాంటి కాంప్లికేషన్లు, వేగంగా యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో నాళం తెరవడం మొదలయ్యాక అరుదైపోయినవి, మళ్ళీ అక్కడక్కడా కనపడుతున్నాయని డాక్టర్లు రాయడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

ఐతే ఈ శాతాలతో ఒక తిరకాసు ఉంది, దాన్ని అర్థం చేసుకోకపోతే మహమ్మారి లెక్కలన్నీ తప్పుగా చదువుతాం. మామూలు నెలలో ఒక జబ్బుతో 100 మంది వచ్చి అందులో 5గురు చనిపోయారనుకుందాం, 5 శాతం. మహమ్మారి వచ్చింది, ఆ 100లో తేలిగ్గా ఉన్న 40 మంది భయపడి రాలేదు, వాళ్ళకి ఇంట్లోనే నయమైపోయింది కూడా. వచ్చిన 60 మందిలో అదే 5గురు చనిపోయారు. ఇప్పుడు శాతం 8.3. ఒక్క ప్రాణం కూడా అదనంగా పోలేదు, డాక్టర్లు ఏ తప్పూ చేయలేదు, కానీ పేపర్లో హెడ్డింగ్ మాత్రం ఆసుపత్రిలో మరణాలు అరవై ఐదు శాతం పైన పెరిగాయి అని వస్తుంది. దీనికి పూర్తి రివర్స్ కూడా జరుగుతుంది. బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ళు ఇంట్లోనో దారిలోనో చనిపోతే వాళ్ళు ఆసుపత్రి లెక్కలోకే రారు, అప్పుడు ఆసుపత్రి శాతం భేషుగ్గా కనపడుతుంది, చావులు మాత్రం పెరిగే ఉంటాయి. నిజ జీవితంలో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి, ఏది ఎంత అన్నది విడదీయడమే కష్టం.

అపెండిసైటిస్, అంటే పేగుకి ఆనుకుని ఉండే అపెండిక్స్ వాచిపోవడం, దీనికి మంచి ఉదాహరణ. మొదటి వేవ్‌లో చాలా చోట్ల పగిలిపోయిన అపెండిక్స్‌తో వచ్చేవాళ్ళ శాతం పెరిగిందని గగ్గోలు పెట్టారు. తర్వాత కొన్ని దేశాల లెక్కలు నిదానంగా చూస్తే పగిలినవాళ్ళ సంఖ్య పెద్దగా పెరగలేదు, పగలని తేలిక కేసులే రావడం మానేశాయి. అంటే వాటిలో కొన్ని వాటంతటవే తగ్గిపోయి ఉండొచ్చు. అలాగని ఆలస్యం వల్ల ఎవరికీ నష్టం జరగలేదని కాదు, కాకపోతే ఒక్క శాతం చూసి తీర్పు చెప్పేయకూడదు అంతే.

మరి ఇంట్లో చనిపోయినవాళ్ళ లెక్క ఎలా తెలుస్తుంది? దానికి ఒక దారి ఉంది, ఆసుపత్రి బయట గుండె ఆగిపోయిన కేసులు. ఆంబులెన్స్ సర్వీసులు వీటిని పక్కాగా రాసిపెడతాయి. ఉత్తర ఇటలీలోని లోంబార్డీలో లోడి, క్రెమోనా, పావియా, మాంటోవా అనే నాలుగు జిల్లాల్లో 2020 ఫిబ్రవరి 21 నుంచి మార్చి 31 దాకా 362 కేసులు నమోదయ్యాయి, అంతకుముందు ఏడాది అదే కాలంలో 229. అంటే 58 శాతం ఎక్కువ. పారిస్ చుట్టుపక్కల దాదాపు రెట్టింపయ్యాయి. న్యూయార్క్ నగరంలో మార్చి 1 నుంచి ఏప్రిల్ 25 మధ్య సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెని మళ్ళీ నడిపించే ప్రయత్నం, చేయాల్సి వచ్చిన కేసులు 1,336 నుంచి 3,989కి పోయాయి, సుమారు మూడు రెట్లు. అక్కడ గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలై నిలబడిన వాళ్ళు మాత్రం 25.2 శాతం నుంచి 10.6 శాతానికి పడిపోయారు. పారిస్‌లో అలా గుండె ఆగినవాళ్ళలో బతికి ఆసుపత్రిలో చేరగలిగినవాళ్ళు 22.8 శాతం నుంచి 12.8 శాతానికి తగ్గారు.

ఈ పెరిగిన కేసులన్నీ వైరస్ వల్లేనా అంటే ఊరిని బట్టి జవాబు మారుతుంది, ఇదే చాలామంది పట్టించుకోని విషయం. లోంబార్డీలో అదనంగా వచ్చిన కేసుల్లో 77 శాతం దాకా కొవిడ్ ఉన్నవాళ్ళు లేదా ఉందని అనుమానం ఉన్నవాళ్ళతోనే సరిపోయింది. పారిస్‌లో ఆ వాటా మూడో వంతు దగ్గరే ఉంది. అంటే మిగతా మూడింట రెండొంతులకి వేరే కారణాలు వెతకాలి, ఆలస్యంగా పిలవడం, అసలు పిలవకపోవడం, ఆంబులెన్స్ లేటవడం, పక్కనున్నవాళ్ళు సీపీఆర్ చేయడానికి భయపడటం, ఇంట్లో ఒంటరిగా ఉండటం వల్ల పడిపోయినప్పుడు చూసేవాళ్ళే లేకపోవడం. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని చెప్తారు, అలాంటప్పుడు పీపీఈ కిట్ తొడుక్కోవడానికి పట్టే రెండు మూడు నిమిషాలు కూడా చిన్న విషయం కాదు. అలాగని తొడుక్కోకుండా చేయమనీ అనలేం, చేసే మనిషి పడిపోతే రేపటి పేషెంట్‌కి ఎవరూ ఉండరు.

జనం ఎందుకు రాలేదు అంటే భయం అని ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ అందులో చాలా పొరలున్నాయి. ఆసుపత్రికి పోతే అక్కడే అంటుకుంటుందన్న భయం మొదటిది, అది పూర్తిగా తప్పు భయం కూడా కాదు, మొదటి వేవ్‌లో ఆసుపత్రుల్లో అంటుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. రెండోది డాక్టర్లు అసలే బిజీగా ఉన్నారు, మన గుండె మంట కోసం వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అన్న మొహమాటం, ఇది పెద్దవాళ్ళలో బాగా ఉంటుంది. మూడోది ప్రభుత్వాల సందేశమే. బ్రిటన్‌లో ఇంట్లోనే ఉండండి, ఆరోగ్య వ్యవస్థని కాపాడండి అని మార్చిలో గట్టిగా చెప్పారు, జనం ఆ మాట ఎంత బాగా విన్నారంటే ఏప్రిల్ కల్లా అదే వ్యవస్థ మళ్ళీ బయటికొచ్చి బాబోయ్ సీరియస్‌గా ఉంటే మాత్రం రండి అని వేరే ప్రచారం చేయాల్సి వచ్చింది. నాలుగోది చాలా మామూలుది, వెళ్ళే దారే లేకపోవడం, బస్సుల్లేవు, తీసుకెళ్ళే మనిషి వేరే ఊళ్ళో ఇరుక్కుపోయాడు, ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ మూసి ఉంది.

పిల్లల విషయంలో ఇది ఇంకా బాధగా కనపడుతుంది, వాళ్ళ చేతుల్లో నిర్ణయం ఉండదు కాబట్టి. జర్మనీలో 2020 మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా కొత్తగా టైప్ 1 షుగర్ బయటపడిన పిల్లల్లో 44.7 శాతం మంది కీటోఅసిడోసిస్ అనే ప్రమాదకరమైన దశలో దొరికారు, అంతకుముందు ఏడాది అదే కాలంలో 24.5 శాతం. ఊరికే దాహం అంటున్నాడు, మాటిమాటికీ బాత్రూంకి పోతున్నాడు, నీరసంగా ఉన్నాడు అన్న స్టేజీలో మామూలుగా ఐతే డాక్టర్‌కి చూపించేవాళ్ళు, ఈసారి వాంతులై మగతగా ఐపోయే దాకా ఆగారు. పైగా ఏదైనా నీరసం కనపడితే కొవిడేనేమో అన్న అనుమానం ముందు పుట్టేది, షుగర్ గుర్తుకొచ్చేది కాదు.

ఇదంతా కొవిడ్‌తో మొదలైన కథ కాదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు తైవాన్‌లో వ్యాధి ఉధృతంగా ఉన్న టైంలో ఔట్ పేషెంట్ సేవల వాడకం దాదాపు 24 శాతం, ఆసుపత్రిలో చేరి తీసుకునే సేవల వాడకం 35 శాతం తగ్గింది. 2014 నుంచి 2016 దాకా పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చి 11,300 మందికి పైగా చనిపోయారు. అప్పుడు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో వైద్యం సగానికి తగ్గితే మలేరియా, టీబీ, ఎయిడ్స్ వల్ల అదనంగా ఎంతమంది పోయుంటారు అని అంచనా కట్టినవాళ్ళకి సుమారు 10,600 అని తేలింది. అంటే ఎబోలా చంపినంత మందిని ఎబోలా భయం, ఎబోలా తెచ్చిన కొరత దాదాపు చంపేశాయన్నమాట. ఆ పాఠం రాసిపెట్టే ఉంది, 2020లో ఎవరు తిరగేశారో ఏమో.

సరే, ఎలాగోలా ఆసుపత్రి గేటు దాకా వచ్చారు, లోపల ఏం మారింది? మొదట ట్రయాజ్ మారింది, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే చోటు. మామూలుగా అక్కడ అడిగే ప్రశ్న ఎంత సీరియస్ అని, మహమ్మారిలో దానికి ముందు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది, అంటువ్యాధి ఉందా లేదా అని. జ్వరం, దగ్గు, ఆయాసం ఉంటే ఒక పక్కకి, లేకపోతే ఇంకో పక్కకి. చెప్పడానికి బాగానే ఉంటుంది, కానీ ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడినా ఆయాసమే, గుండె ఫెయిలైనా ఆయాసమే, రక్తంలో ఇన్ఫెక్షన్‌కి జ్వరమే. ఒకసారి కొవిడ్ అనుమానం అన్న ముద్ర పడ్డాక తర్వాత చూసే ప్రతి డాక్టరూ అదే కళ్ళద్దాలతో చూస్తాడు, కొవిడ్ టెస్టు రిజల్ట్ నెగెటివ్ వచ్చే దాకా అసలు జబ్బు సంగతి ఆగాల్సి వస్తుంది. మొదటి నెలల్లో ఆ రిజల్ట్‌కి గంటలు కాదు కొన్ని చోట్ల రోజులు పట్టేది.

ఇంకో మార్పు బయటికి అంతగా కనపడదు. తోడు వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఎమర్జెన్సీలో సగం డయాగ్నోసిస్ ఇంట్లోవాళ్ళ మాటల్లోంచే దొరుకుతుంది, ఎప్పట్నుంచి నొప్పి, ఏం మందులు వాడతారు, రాత్రి మామూలుగానే మాట్లాడారా, ఎన్నింటికి మాట తడబడింది. స్ట్రోక్ పేషెంట్ తనంతట తాను చెప్పలేడు కదా, చివరిసారి బాగున్నది ఎప్పుడో తెలీకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నదే తేలదు. మతిమరుపు ఉన్న ముసలివాళ్ళు, వినపడనివాళ్ళు, మాస్కు వెనకాల మాట్లాడే డాక్టర్ మాట అర్థం కానివాళ్ళు దీనివల్ల ఎక్కువ నష్టపోయారు.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఎవరిని చేర్చుకోవాలి ఎవరిని ఇంటికి పంపాలి అన్నది చాలా చోట్ల ఆ చిన్న పరికరం మీద చూపించే అంకెతోనే తేలిపోయింది. 2020 డిసెంబర్‌లో అమెరికాలో బయటికొచ్చిన లెక్క ప్రకారం ఆక్సీమీటర్‌లో 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తంలో నిజంగా ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం ఐతే నల్లజాతి వాళ్ళలో 11.7 శాతం ఉన్నారు. చర్మం రంగు ముదిరేకొద్దీ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందన్న అనుమానం ఏళ్ళ తరబడి ఉన్నదే, మహమ్మారి వచ్చి ఆ తేడా మీద ప్రాణాలు ఆధారపడే దాకా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

ఇక రద్దీ. బెడ్లు పెంచడం తేలిక, ఆడిటోరియంలో కూడా మంచాలు వేసేయొచ్చు, నర్సుల్ని మాత్రం రాత్రికి రాత్రి తయారు చేయలేం. ఒక ఐసీయూ నర్సు ఒకరిద్దరిని చూడాల్సిన చోట నలుగురిని చూస్తే మందు ఎక్కించే పంపు అలారం మోగినా వినేవాళ్ళు ఉండరు. అమెరికాలో 558 ఆసుపత్రుల్లో 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా లెక్క చూస్తే కొవిడ్ మరణాల్లో దాదాపు నాలుగింట ఒకటి కేవలం ఆసుపత్రి మీద పడ్డ ఒత్తిడి వల్లే జరిగి ఉండొచ్చని తేలింది, అంటే అదే పేషెంట్ అదే జబ్బుతో రద్దీ లేని రోజున వచ్చి ఉంటే బతికేవాడేమో. ఇది డబ్బున్న దేశం మాట. 2021 జనవరిలో బ్రెజిల్‌లో మనౌస్ నగరంలో, అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆక్సిజనే ఐపోయింది. ఆక్సిజన్ లేని ఎమర్జెన్సీ విభాగంలో డాక్టర్ ఎంత గొప్పవాడైనా చేసేదేం లేదు.

ఆపరేషన్ అవసరమైన ఎమర్జెన్సీ కేసులకి ఇంకో కష్టం. 24 దేశాల్లో 235 ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కి కొంచెం ముందో తర్వాతో కొవిడ్ ఉన్నట్టు తేలిన 1,128 మందిని చూస్తే 30 రోజుల్లోపు 23.8 శాతం మంది చనిపోయారు, సగానికి పైగా ఊపిరితిత్తుల కాంప్లికేషన్లు వచ్చాయి, వాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి జరిగింది ఎమర్జెన్సీ ఆపరేషనే. మామూలు ఆపరేషన్ ఐతే వాయిదా వేసుకోవచ్చు. పేగు చిల్లుపడితే వాయిదా ఎక్కడుంటుంది.

ఐతే అంతా దిగజారడమే కాదు, ఆసుపత్రులు నేర్చుకున్నాయి కూడా, చాలా స్పీడుగా నేర్చుకున్నాయి. మొదట్లో ఆక్సిజన్ పడిపోతే చాలు గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టేసేవాళ్ళు, కొన్ని వారాలకే బోర్లా పడుకోబెట్టడం, ముక్కు దగ్గర ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇవ్వడం లాంటివాటితో చాలామందిని నెట్టుకురావచ్చని తెలిసింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్ 2020 జూన్‌లో డెక్సామెథసోన్ అనే పాత చవక మందు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలని మూడో వంతు దాకా తగ్గిస్తుందని తేల్చింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రుల గ్రూపులో కొవిడ్‌తో చేరినవాళ్ళలో మరణాలు, వయసు జబ్బు తీవ్రత తేడాలు సర్ది చూసినా, మార్చిలో 25.6 శాతం ఉన్నవి ఆగస్టుకి 7.6 శాతానికి దిగాయి. ఇందులో మందుల వాటా ఎంత, రద్దీ తగ్గడం వాటా ఎంత అన్నది విడదీయడం మాత్రం కష్టమే. గమనించాల్సింది ఏంటంటే ఈ నేర్చుకోవడమంతా ఎక్కువగా కొవిడ్ పేషెంట్‌కి పనికొచ్చింది. గుండెపోటు పేషెంట్‌కి కొత్తగా నేర్చుకోవాల్సిన వైద్యం ఏమీ లేదు, ముందే తెలుసు, అతను టైంకి రాకపోవడమే సమస్య.

వేవ్ దిగిపోయాక కథ ఐపోతుందనుకుంటే అదీ జరగలేదు. వాయిదా పడ్డ చెకప్‌లు, ఆగిపోయిన బీపీ మందులు, అలిసిపోయి ఉద్యోగం మానేసిన నర్సులు, అన్నీ కలిసి ఒకటి రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరికే వచ్చాయి. ఈసారి సమస్య లోపలికి వచ్చే తలుపు దగ్గర కాదు, ఎమర్జెన్సీ నుంచి వార్డుకి పోయే తలుపు దగ్గర. వార్డులో బెడ్ ఖాళీ ఐతేగానీ పేషెంట్‌ని పైకి పంపలేరు, పంపితేగానీ కొత్త పేషెంట్‌ని దించుకోలేరు, దించుకుంటేగానీ ఆంబులెన్స్ తర్వాతి కాల్‌కి పోలేదు. ఇంగ్లండ్‌లో గుండెపోటు, స్ట్రోక్ అనుమానం లాంటి కాల్స్‌కి ఆంబులెన్స్ సగటున 18 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యం, 2022 డిసెంబర్‌లో ఆ సగటు గంటన్నర దాటింది. 2020లో ఇంట్లో భయంతో పోగొట్టుకున్న టైంని ఈసారి ఫోన్ చేసి మరీ పోగొట్టుకున్నారు.

లోపల ట్రాలీ మీద పడుకుని ఎదురుచూడటం కూడా ఊరికే పోదు. మహమ్మారికి ముందే, 2016 నుంచి 2018 దాకా ఇంగ్లండ్ లెక్కలు చూసినవాళ్ళకి ఒక విషయం తేలింది. ఎమర్జెన్సీకి వచ్చిన ఐదు గంటల్లోపు వార్డులో బెడ్ దొరకకపోతే అక్కడి నుంచి నెల రోజుల్లో చనిపోయే అవకాశం మెల్లగా పెరుగుతూ పోతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆలస్యమైనవాళ్ళలో ప్రతి 82 మందికి ఒక ప్రాణం అదనంగా పోతోంది. ఆ మనిషి ఎమర్జెన్సీలో చనిపోడు. అక్కడి రిజిస్టర్‌లో వార్డుకి పంపారు అని ఉంటుంది, అంతే, ఇరవయ్యో రోజున వార్డులో ఊపిరి ఆగితే సర్టిఫికెట్ మీద న్యుమోనియా అనో గుండె ఫెయిల్యూర్ అనో రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 రెండేళ్ళకీ కలిపి కొవిడ్ మరణాలుగా నమోదైన 54 లక్షల పక్కన మామూలుగా ఉండాల్సిన దానికంటే అదనంగా పోయినవాళ్ళు దాదాపు 1.49 కోట్లు అని అంచనా వేసింది. ఆ తేడాలో ఎక్కువ భాగం నమోదు కాని కొవిడ్ చావులే అయ్యుండొచ్చు, కానీ ఇంటి దగ్గర నాలుగు గంటలు ఆగినవాళ్ళు, ట్రాలీ మీద రాత్రంతా ఉన్నవాళ్ళు కూడా పేరు లేకుండా అందులోనే ఉన్నారు.